అర అంగుళం తక్కువ

ఫిబ్రవరి 3

ఇది పాత ఏడాది డైరీ. తారీఖు పక్కన అచ్చేసిన వారం ఇప్పటికి సరిపోదు. రోజూ దాన్ని కొట్టేసి సరిదిద్దే ఓపిక నాకు లేదు, తారీఖు చాలు. ఎవరికీ చూపించేది కాదు కదా.

బావకు ఇవాళ తెలివొచ్చింది. అక్క ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. వెన్నుకు దెబ్బ తగిలిందట, ఎడమ కాలు గిల్లినా తెలియడం లేదట, డాక్టర్లు ఇంకా ఏదీ తేల్చి చెప్పడం లేదట. కళ్ళు తెరిచాక ఆయన అడిగిన మొదటి మాట, "గోడ పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని.

ఎవరూ లేరు. మొన్న ఆదివారం. కంకర లోడుతో దిగుడు దిగుతూ, మలుపులో ఆగక, బావ నడిపే లారీ నేరుగా వెళ్ళి బడి ప్రహరీని కూల్చింది. వెనకున్న కంకరంతా తోసుకొచ్చి క్యాబిన్ మీద పడింది. మామూలు రోజయితే మధ్యాహ్నం ఆ గోడ నీడలోనే పిల్లలు వరసగా కూర్చుని డబ్బాలు విప్పుకుంటారు. "ఆదివారం కాబట్టి సరిపోయింది" అని షెడ్డులో అందరిదీ ఒకటే మాట. ఆ మాట వినపడగానే నేను అవతలికి వెళ్ళిపోతున్నాను.

బండిని షెడ్డుకు లాగించుకొచ్చారు. ఓనరుకున్న ఎనిమిది లారీల్లో వయసులో ఇదే పెద్దది, అందుకే ముసలిది అంటాం. పదకొండేళ్ళుగా ముసలిదాని మంచీచెడూ చూసేది నేనే. బ్రేకులు నేనే, గేర్లు నేనే, మీటరు కేబుల్ దాకా అంతా నేనే. ఏ లోటూ చెయ్యలేదు.

ఫిబ్రవరి 4

చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పాను. బ్రేకు లైనింగు లేదు. అరిగి అరిగి రివెట్లు బయటపడ్డాయి, రివెట్లు డ్రమ్ములను గీరేశాయి. ఇనుము మీద ఇనుము. బావ ఎంత తొక్కినా ఆగేది కాదు.

ఎలా జరిగిందో అర్థం కావడం లేదు. షెడ్డు గోడకు నా బోర్డు ఉంది. లారీకొక వరస. పదివేల కిలోమీటర్లు తిరిగిందంటే డ్రమ్ములు విప్పి చూడాల్సిందే. చూసిన రోజు మీటరులో ఉన్న అంకె, మళ్ళీ చూడాల్సిన అంకె, రెండూ నేనే సుద్దముక్కతో రాస్తాను. ముసలిదాన్ని జూలైలో చూశాను. అప్పటికే లైనింగు సగం అరిగింది, ఇంకో పదివేలకు ఢోకా లేదని వదిలాను. అప్పటి నుంచి మీటరు ప్రకారం తిరిగింది ఆరు వేల రెండు వందలు. మళ్ళీ చూడాల్సిన అంకె ఇంకా రానేలేదు. నా తప్పేమీ లేదు. అంకె రాలేదు.

ఆరు వేలకే ఇలా అరగాలంటే డ్రైవరు పొద్దస్తమానం బ్రేకు మీద కాలు పెట్టుకుని నడపాలి. బావ అలాంటి మనిషి కాదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. దిగుడు వస్తే గేరు మీదే దింపుతాడు. కొత్త డ్రైవరు ఎవడైనా ఊరికే బ్రేకు తొక్కుతుంటే, "ఒరేయ్, కాలికి అంత దురదగా ఉంటే గోక్కో, బ్రేకు జోలికి పోకు" అంటాడు. తిట్టినా నవ్వు ముఖంతోనే.

మరి ఎలా అరిగింది.

ఫిబ్రవరి 5

మీటరు మీద అనుమానం వచ్చి కేబుల్ బయటికి లాగాను.

అనుమానం వచ్చి అని రాశాను గానీ, అది ఇవాళ వచ్చింది కాదు. ఆగస్టులోనే బావ షెడ్డుకొచ్చి చెప్పాడు. "బామ్మర్దీ, మీటరు సూది కునుకు తీస్తోందిరా. ఎత్తెక్కేటప్పుడు పడుకుంటుంది, చదును రాగానే లేస్తుంది." నేను, "ముసలిదానికి ఆ మాత్రం కునుకు ఉంటుందిలే బావా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వచ్చే వారం చూస్తానన్నాను. ఆ వారం ఇంకో లారీకి గేర్‌బాక్సు పోయింది. ఆ తర్వాత మర్చిపోయాను. లేదు, మర్చిపోలేదు. సూది కునుకు తీస్తే కొంపలేం మునగవు అనుకున్నాను.

నవంబరులో ఓనరు బావను నలుగురి ముందూ నిలబెట్టి, తిరిగిన కిలోమీటర్లకూ తాగిన డీజిలుకూ పొంతన లేదేమిటి, డీజిలు ఎటు పోతోంది అని అడిగాడు. దొంగ అనే మాట ఒక్కటే అనలేదు. బావ ముఖం నల్లబడిపోయింది. "ఇంజను పాతబడింది సార్, తాగుతుంది" అని నేనే సర్దిచెప్పి బయటికి తీసుకొచ్చాను. బావ పరువు కాపాడానని ఆ పూట ఛాతీ విరుచుకుని తిరిగాను కూడా.

కేబుల్ పెద్ద విద్యేమీ కాదు. గొట్టంలో ఒక తీగ. కింది కొన గేర్‌బాక్సులో కూర్చుంటుంది, పై కొన మీటరులో. బండి నడిస్తే తీగ తిరుగుతుంది, తీగ తిరిగితే సూది లేస్తుంది, కిలోమీటర్ల అంకెలు కదులుతాయి. ఏడాదికోసారి తీగ బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పూయాలి. అదీ పైదాకా పూయకూడదు. కింది రెండు వంతులకు పూసి పై వంతు వదిలేయాలి, లేకపోతే గ్రీజు పాకి మీటరులోకి చేరుతుంది. ఈ సంగతి చాలామంది మెకానిక్కులకు తెలియదు. నాకు తెలుసు. తెలుసని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పి చంపుతాను.

జూలై చివర్లో ఆ తీగ తెగింది. ముసలిదానికి సరిపోయే కేబుల్ బజారులో దొరకడం మానేసి చాలా ఏళ్ళయింది. చుట్ట నుంచి తీగ కత్తిరించి, కొనలు నలుచదరంగా కొట్టి, మనమే తయారుచేసుకోవాలి. ఎంత పొడవు అనేది పాత తీగను పక్కన పెట్టి చూసుకోవడమే. తెగిన చిన్న ముక్క గేర్‌బాక్సులో ఇరుక్కుంటే సన్నమూతి ప్లయరుతో లాగి అవతల పారేశాను. చేతిలో మిగిలిన పొడుగు ముక్క పక్కన పెట్టి కొత్తది కత్తిరించాను.

రెండు ముక్కలూ కలిపి కొలవాలి. ఈ పనిలోకి వచ్చిన మొదటి నెలలో నేర్పే సంగతి అది.

ఇవాళ కొలిచాను. అర అంగుళం తక్కువ. చదును మీద కింది కొన అంటీముట్టనట్టు పట్టుకుంటుంది. లోడుతో ఎత్తెక్కితే ఇంజను కదులుతుంది, కొన జారిపోతుంది, అంకెలు ఆగిపోతాయి. క్వారీ బండికి ఉండేవి సగం ఎత్తులే.

పదమూడు వేలు తిరిగి ఉంటుంది. తక్కువేసుకుంటే.

ఫిబ్రవరి 6

కేబుల్ మార్చాను. ఈసారి సరిగ్గా కొలిచాను. రేపో మాపో ఇన్‌స్పెక్టరు తనిఖీకి నిలబడే బండిలో సరైన సామాను ఉండాలి, అంతే. అది నా డ్యూటీ.

ఫిబ్రవరి 7

తుక్కువాడు వచ్చే రోజు కాదు. నేనే ఫోన్ చేసి పిలిచాను. డబ్బా నిండిపోయిందని చెప్పాను. సగమే నిండింది.

ఫిబ్రవరి 9

బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొట్టి మనిషి, చేతికి నూనె అంటకుండా అన్నీ నా చేతే చేయించాడు. డ్రమ్ములు చూశాడు. బోర్డు చూశాడు. వెనక చక్రాలు జాకీ మీద లేపించి, ఇంజను వేయించి, గేరు పడగానే మీటరు ముందు కూర్చున్నాడు. సూది లేచింది. అంకెలు చక్కగా తిరిగాయి.

"మీటరు శుభ్రంగా ఉంది" అన్నాడు. "ఆరు వేలకే లైనింగు తినేశాడంటే, మీ డ్రైవరు బ్రేకు మీద కాలేసుకుని తిరిగే రకం."

ఓనరు చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "డీజిలు అంతంత ఎందుకు తాగుతోందో ఇప్పుడు తెలిసింది సార్. ఓ పక్క బ్రేకు, ఓ పక్క ఆక్సిలేటరు."

అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఇన్‌స్పెక్టరు రాసుకుంటూ నన్నడిగాడు, "ఏమంటావు మేస్త్రీ?"

"మీరు చూశారు కదా సార్" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. ఆయన చూశాడు.

ఫిబ్రవరి 12

ఆసుపత్రికి వెళ్ళాను. బావ నిద్రలో ఉన్నాడు. లేచేలోపు వచ్చేశాను.

ఫిబ్రవరి 20

బావను ఇంటికి తెచ్చాం. ముందుగదిలో మంచం వేశాం. అక్క కుట్టుమెషిను కిటికీ దగ్గర నుంచి మూలకు జరిగింది, ఇక పగలు కూడా లైటు వేసుకునే కుట్టాలి. ఎడమ కాలు రాదని డాక్టరు తేల్చేశాడు. కుడి కాలు రావచ్చు, రాకపోవచ్చు. చేతులకు పట్టు మెల్లగా వస్తుందన్నాడు.

ఇక బావ బండెక్కడు. ఆయనకు మిగిలింది పేరు ఒక్కటే. బ్రేకు తినని డ్రైవరు అనే పేరు. అదీ నా చేతిలో ఉంది.

అమ్మ పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. అక్క పెళ్ళయి వెళుతూ నన్నూ వెంటపెట్టుకెళ్ళింది. కొత్త పెళ్ళాంతో పాటు ఒక బామ్మర్ది తగిలినా బావ ఒక్క మాట అనలేదు. ఆయనే నన్ను షెడ్డులో చేర్పించాడు. ఇప్పటికీ వీళ్ళ వెనకగదిలోనే ఉంటున్నాను. నిజం చెబితే ఈ గది ఉండదు, అక్క ఉండదు. గది సంగతి పోనీ. అక్క నా ముఖం చూడటం మానేస్తే ఏం చేయాలో నాకు తెలియదు.

ఫిబ్రవరి 23

సాయంత్రం బావకు గడ్డం గీస్తున్నాను. అద్దంలో చూస్తూ అడిగాడు.

"ఇన్‌స్పెక్టరు అట్లా రాశాడటగా."

అక్క చెప్పినట్టుంది.

"రాస్తారు బావా. వాళ్ళకేం పోయింది."

"లేదురా, రోజంతా అదే ఆలోచిస్తున్నా. నాకు తెలీకుండానే కాలు పెట్టేవాణ్ణేమో. చలికాలంలో మోకాలు పట్టేసేది కదా. ఎక్కడో ఒకచోట ఆనించి ఉంటాను." కళ్ళు నా వైపు తిప్పి, "నువ్వు చెప్పు. అట్లా అయ్యుంటుందా?" అన్నాడు.

నా చేతిలో బ్లేడు ఉంది. ఆయన గొంతు దగ్గర ఉంది.

"అయ్యుండొచ్చు బావా" అన్నాను.

ఎందుకన్నాను? ఎందుకన్నాను?

ఫిబ్రవరి 24

ఇవాళ చెబుదామనుకున్నాను. అక్క ఒక బడి యూనిఫారాలు నలభై జతలు ఒప్పుకుంది, తల ఎత్తడానికి తీరిక లేదు.

ఫిబ్రవరి 25

ఇవాళ కూడా.

ఫిబ్రవరి 26

వాన.

మార్చి 1

బావ ఇప్పుడు 'అయ్యుంటుందా' అనడం లేదు. గుర్తొచ్చిందట. అక్టోబరు చివర్లో ఒక రోజు క్వారీ నుంచి దిగుతుంటే మోకాలు లాగిందట, బ్రేకు మీద కాలు ఆనిస్తే హాయిగా ఉందట, అప్పటి నుంచి అలవాటయిపోయిందట. ఏ దిగుడో, ఆ రోజు ఏ లోడో కూడా చెబుతున్నాడు. అదేదీ జరగలేదని నాకు తెలుసు. లేనిదాన్ని మంచంలో పడుకుని ఒక్కడే తయారుచేసుకున్నాడు. మొదటి రాయి వేసింది నేను.

మధ్యాహ్నం పక్కింటాయన వస్తే, "ఆదివారం కాకపోయుంటే నేను హంతకుణ్ణి" అన్నాడు. పక్కింటాయన, "ఛ, అవేం మాటలు" అన్నాడు. బావ ఊరుకోలేదు. ఆ గోడ కింద రోజూ ఎంతమంది పిల్లలు కూర్చుంటారో కనుక్కుని చెప్పమన్నాడు.

అన్నం ముట్టలేదు.

మార్చి 3

మళ్ళీ ముట్టలేదు. అక్క బతిమాలితే రెండు ముద్దలు తిన్నాడు. "తిని ఏం చేయాలి" అన్నాడు. బావ నోట ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. నలుగురిలో ఉంటే నవ్వించకుండా ఉండలేని మనిషి.

చెప్పాలి. ఏదయితే అదవుతుంది.

మార్చి 5

చెప్పాను.

నాలుగింటికే షెడ్డు నుంచి వచ్చేశాను. అక్క మూల కూర్చుని కుడుతోంది. బావ పైకప్పు చూస్తున్నాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బావా, నీకో మాట చెప్పాలి."

"పెళ్ళి చేసుకుంటానంటావా ఏంటి? ఇప్పుడు నీకు పిల్లనెవరిస్తార్రా."

చాలా రోజులకు వేళాకోళం ఆడాడు. అయినా చెప్పాను. ఒక్క ఊపిరిలో చెప్పాను.

"బ్రేకులు నువ్వు అరగదీయలేదు బావా. జూలైలో నేను కేబుల్ తక్కువ కత్తిరించాను. ఎత్తెక్కినప్పుడల్లా మీటరు ఆగిపోయింది. బండి పదమూడు వేలు నడిస్తే ఆరు వేలే చూపించింది. ఆ అంకె చూసి నేను డ్రమ్ములు విప్పలేదు. నీ కాలు ఎప్పుడూ బ్రేకు మీద లేదు. తప్పు నాది."

మెషిను ఆగిపోయింది.

బావ నన్ను చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, ఇక లేచి వెళ్ళిపోవాలి అనుకున్నాను. ఆయన అక్క వైపు తల తిప్పాడు.

"విన్నావుటే మీ తమ్ముడు మాటలు? నేను తినడం లేదని ఇంత కథ అల్లుకొచ్చాడు."

"కథ కాదు బావా. నిజం."

"ఊరుకోరా. నిజమయితే ఇన్‌స్పెక్టరుకు దొరకదా? నీ ముందే కదా చక్రాలు తిప్పి చూసింది. మీటరు శుభ్రంగా ఉందని రాసిచ్చాడని ఓనరే చెప్పాడు. అయినా నువ్వు కేబుల్ తక్కువ కత్తిరించడం ఏంట్రా? గ్రీజు ఎక్కడిదాకా పూయాలో ఊరందరికీ పాఠాలు చెప్పేవాడివి!"

ఇంకొక్క మాట చాలు. తనిఖీకి ముందే ఆ కేబుల్ తీసి పారేశాను అని. ఆ ఒక్క మాటతో అన్నీ నమ్మేవాళ్ళు. నోటిదాకా వచ్చింది. అక్క కుర్చీలోంచి లేచి వచ్చి, నా తల పట్టుకుని తన పొట్టకు ఆనించుకుంది. వేళ్ళకు దారం పోగులు అంటుకుని ఉన్నాయి.

"మా నాన్నే, నీ కడుపు చల్లగుండ" అంటూ ఏడ్చింది. "ఆయన కోసం నీ చేతిపనికి మచ్చ తెచ్చుకుంటావురా? ఎవరు చేస్తార్రా ఈ రోజుల్లో?"

నేను నోరు మూసుకున్నాను. నేనూ ఏడ్చాను. అది చూసి వాళ్ళకు ఇంకా నమ్మకం కుదిరింది.

బావ ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

మార్చి 6

చెప్పలేదని ఎవరూ అనలేరు. చెప్పాను. వాళ్ళే నమ్మలేదు.

బావ తింటున్నాడు కూడా. అంతకంటే ఏం కావాలి.

మార్చి 8

చూడటానికి ఎవరొచ్చినా బావ అదే చెబుతున్నాడు. నా బామ్మర్ది నా తప్పు నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడు, సొంత తమ్ముడు కూడా ఇలా చెయ్యడు అని. షెడ్డుకు కూడా పాకింది. ఓనరు పిలిచి, "కుటుంబం అంటే అట్లా ఉండాలయ్యా" అని భుజం తట్టాడు. అందరూ నన్ను చూసే చూపు మారింది. ఇంతకుముందు నన్ను నోటి దురుసు మనిషి అనేవాళ్ళు. అదే బాగుండేది.

పొద్దున అక్క కొత్త చొక్కా కుట్టి ఇచ్చింది. కొలతలు తీసుకోలేదు. నా కొలతలు తనకు తెలుసంది. సరిగ్గా సరిపోయింది.

ఒంటి మీద ఉంచుకోలేకపోయాను. మడిచి పెట్టెలో పెట్టాను. మెడ దగ్గర బిగుతుగా ఉంది, వేసవి పోయాక వేసుకుంటానని చెప్పాను.

మార్చి 10

బడివాళ్ళకూ ఇన్‌స్పెక్టరుకూ ఇవ్వడానికి డ్రైవరు వాంగ్మూలం కావాలని ఓనరు క్లర్కును పంపాడు. బావ చేతికి ఇంకా పట్టు రాలేదు, పెన్ను నిలవదు. తనే రాస్తానని క్లర్కు అన్నాడు. బావ ఒప్పుకోలేదు.

"మా వాడు రాస్తాడు. ముత్యాల్లా ఉంటుంది వాడి రాత."

అట్ట ఒకటి ఒడిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. బావ చెప్పాడు, నేను రాశాను. మోకాలి నొప్పి వల్ల అక్టోబరు నుంచి బ్రేకు మీద కాలు ఆనించి నడపడం అలవాటు చేసుకున్నాననీ, ఆ కారణంగా లైనింగు ముందే అరిగిందనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదనీ, ప్రమాదానికి పూర్తి బాధ్యత తనదేననీ, తన లైసెన్సు తనే అప్పగిస్తున్నాననీ. ఇరవై ఆరేళ్ళూ ఐదు వాక్యాల్లో పోయాయి.

సంతకానికి బదులు వేలిముద్ర వేయించబోతే, ఆగమన్నాడు.

"ఇంకో వాక్యం ఉంది. నువ్విట్లా తప్పు నాది, తప్పు నాది అని తిరుగుతుంటే రేపెవడో ఒకడు నిజమనుకుంటాడు. నీకు ఇంకా ముప్ఫయ్యేళ్ళ బతుకుంది. రాయి. బండి బాగోగులు చూసే మెకానిక్కుది ఇందులో ఏ తప్పూ లేదు."

"అది వద్దు బావా."

"రాయరా. నాకోసం."

అక్క మెషిను ఆపి చూస్తోంది. క్లర్కు గడియారం చూసుకుంటున్నాడు.

రాశాను. బావ బొటనవేలికి సిరా పూసి, చెయ్యి పట్టుకుని కాగితం మీద అద్దాను. క్లర్కు చదివి చూసుకుని, ఒక్క కొట్టివేత కూడా లేదు, చక్కగా రాశారండీ అన్నాడు.